దత్తత పత్రం మీద లేని సంతకం

తమ్ముడు: విశాఖ శ్రోతలకు నమస్కారం. బిడ్డ దత్తత వెళ్లిన తరువాత కన్నతండ్రికి ఉచిత న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందన్నది ఈ వారం అంశం. అక్కా, ఈసారైనా గొడుగు తెచ్చుకున్నారా?

అక్క: గొడుగు మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. స్త్రీలకు ఆదాయంతో పని లేదు. మగవారికి మాత్రం, ఎస్సీ, ఎస్టీ వంటి వర్గాలకు చెందకపోతే, ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

తమ్ముడు: గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనకు తెలియకుండా భార్య బిడ్డను తన అన్నగారికి దత్తత ఇచ్చి, పత్రం రిజిస్టరు కూడా చేయించిందట. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే సరిపోతుంది కదా?

అక్క: మళ్లీ డీఎన్‌ఏ! ఆయన తండ్రి కాదని ఎవరన్నారు? పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డకు భర్తే తండ్రి అని చట్టమే భావిస్తుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టానికి 2010లో సవరణ వచ్చాక, తల్లిదండ్రులలో ఎవరు దత్తత ఇచ్చినా రెండవవారి సమ్మతి ఉండాలి. సన్యసించడం, మతం మారడం, మతిస్థిమితం లేదని కోర్టు తేల్చడం వంటివి మాత్రమే మినహాయింపులు.

తమ్ముడు: దత్తత రద్దు కాదని నిరుడు మీరే అన్నారు.

అక్క: చెల్లిన దత్తత రద్దు కాదన్నాను. చెల్లనిదానికి రద్దు ఎందుకు? రిజిస్టరైన పత్రాన్ని కోర్టు నమ్మేది, అది తప్పని రుజువయ్యే వరకే. మా కక్షిదారు ఒకాయన పాలిథిన్ సంచిలోంచి తీసిన జిరాక్సును నాలుగుసార్లు తిరగేశాను; తండ్రి పేరు పరిచయ వాక్యంలో ఉంది గాని, సంతకం ఎక్కడా లేదు. ఆ దత్తత చెల్లదని ప్రకటించమంటూ, దాని సంగతి తెలిసిన నాటి నుంచి 3 సంవత్సరాలలోగా దావా వేయాలి. పెద్దమనుషుల రాజీల కోసం తిరుగుతూ చాలామంది ఆ గడువు కాస్తా పోగొట్టుకుంటారు.

తమ్ముడు: గెలిస్తే బిడ్డ ఇంటికి వచ్చినట్టేనా?

అక్క: కాదు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది కోర్టు బిడ్డ క్షేమాన్ని బట్టి విడిగా తేలుస్తుంది. మేనమామను నాన్నా అని పిలవడానికి అలవాటు పడిన పిల్ల గురించి ఆ తండ్రికి ఏం చెప్పాలో నాకూ తోచలేదు.

తమ్ముడు: మరి, పెళ్లి కాని తండ్రి సంగతి?

అక్క: అక్కడ ఇంకా కష్టం. బాలల సంక్షేమ సమితికి బిడ్డను అప్పగించే పత్రం మీద తల్లి సంతకం ఒక్కటే చాలు. మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఇచ్చేది కూడా అప్పగించినవారికే. తండ్రినని నిరూపించుకోవలసింది ఆయనే.

తమ్ముడు: చూశారా, డీఎన్‌ఏ అని నేను మొదటి నుంచీ...

అక్క: ముందు ఆ గాజువాక ఆయనను పత్రం నకలు పంపమను.