తొడుగులు విప్పే వేళ

సభకు నమస్కారం. 2002-03లో సార్స్ అనే తీవ్రమైన శ్వాసకోశ వ్యాధి సోకిన 8,096 మందిలో 1,706 మంది వైద్య సిబ్బంది. అంటే ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరు వైద్యం చేయబోయి జబ్బు తెచ్చుకున్నవారే. ఆ వ్యాధి గురించి లోకాన్ని ముందుగా హెచ్చరించిన డాక్టర్ కార్లో అర్బానీ కూడా దానికే బలయ్యారు.

ఈ ముప్పు మాట వినగానే మన మనసు ఐసీయూ వైపు పోతుంది. శ్వాసనాళంలోకి గొట్టం వేసేటప్పుడు వైద్యుడి ముఖం రోగి నోటికి బాగా దగ్గరగా ఉంటుంది కనుక అక్కడి ప్రమాదం పెద్దదే. అయితే అక్కడ అందరూ అప్రమత్తంగా ఉంటారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకా ఎవరూ అనుమానించని రోగి. 2003 మార్చిలో హాంగ్‌కాంగ్‌లోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆసుపత్రిలో ఒక రోగికి మామూలు న్యుమోనియా అనుకుని సాధారణ వార్డులోనే రోజుల తరబడి నెబ్యులైజర్, అంటే మందును తుంపరగా మార్చి పీల్పించే యంత్రం పెట్టారు. అక్కడి నుంచి వ్యాధి వందమందికి పైగా పాకింది, వారిలో డాక్టర్లు, నర్సులు, వైద్య విద్యార్థులు ఉన్నారు. అందుకే దగ్గుతో వచ్చిన ప్రతివారికీ, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, గుమ్మంలోనే మాస్కు ఇచ్చి విడిగా కూర్చోబెట్టాలి.

అంతటి ప్రమాదం డ్యూటీ ముగిసి తొడుగులు విప్పే వేళ కూడా పొంచి ఉంటుంది. గంటల తరబడి ఉక్కపోతలో పనిచేసిన నర్సుకు మాస్కు అంచు ఒరుసుకుని ముక్కు మండుతూ ఉంటుంది, కళ్లద్దాలు మసకబారి ఉంటాయి. గ్లవ్స్ బయటి వైపు మణికట్టుకు తగిలిందో లేదో కూడా గమనించే ఓపిక ఉండదు. గ్లవ్స్, గౌను తీసేసి, గది బయటికి వచ్చాక మాత్రమే, ముందు భాగం ముట్టకుండా, పట్టీలు పట్టుకుని మాస్కు తీసి చేతులు కడుక్కోవాలని ఆమెకు తెలియక కాదు. అలసిన చేతులకు ఆ వరుసను ఒక్కొక్కటిగా గుర్తుచేసే మనిషి పక్కన ఉండాలి. అందుకు ఒక ఉద్యోగిని కేటాయించడం దుబారా అని నేను అనుకోను.

ఎన్95 మాస్కు సూక్ష్మకణాల్లో కనీసం 95 శాతాన్ని వడకడుతుంది, కానీ ముఖానికి సరిగా అతుక్కుంటేనే. అలా అతుక్కుందో లేదో చూసే ఫిట్ టెస్ట్ డాక్టర్లకు, నర్సులకు చేసి, అదే గది తుడిచే, అదే రోగిని స్ట్రెచర్‌పై తోసే సిబ్బందిని వదిలేయడం అన్యాయం. 2020 జనవరి నుంచి 2021 మే వరకు కోవిడ్‌తో మరణించిన ఆరోగ్య సిబ్బంది 80,000 నుంచి 1,80,000 మంది ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. సంఖ్యలో అంత తేడా ఉందంటే, ఎందరి మరణాలు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదో ఆలోచించండి.