గ్రీన్ లేజర్ లెవల్ రివ్యూ: గోడ మీద గీత పడితే చాలదు, అది మట్టంగా ఉండాలి

నమస్తే అండి. ఈ రోజు నా చేతిలో ఉన్నది గ్రీన్ లేజర్ లెవల్, అంటే గోడ మీద ఆకుపచ్చ వెలుగు గీత వేసి మట్టం చూపించే పనిముట్టు. అడ్డగీత, నిలువు గీత రెండూ వేసే రకం. కంపెనీ వాళ్లు దీన్ని ఉచితంగా పంపారు. వీడియోకి డబ్బులేమీ తీసుకోలేదు, ఏం చెప్పబోతున్నానో వాళ్లకు ముందుగా చూపించనూ లేదు. బ్యాటరీ, బరువు, వారంటీ లాంటివి ఈపాటికే మీరు చూసుంటారు. వాటి జోలికి పోను.

అసలు ఇంటి పనిలో లేజర్ ఎందుకు కావాలి? గోడలు లేచాక, ప్లాస్టరింగ్‌కి ముందు చేయించాల్సిన పని ఒకటుంది. టైల్స్ వేశాక ఫ్లోర్ ఎక్కడికి వస్తుందో ముందే లెక్కేసుకుని, అక్కడి నుంచి సరిగ్గా 1 మీటరు ఎత్తులో ఇల్లంతా ఒకే గీత కొట్టించాలి. కిటికీ గట్టు, స్విచ్ బోర్డు, వంటగట్టు, కుళాయి పాయింట్, ఏదైనా సరే ఆ గీత నుంచే పైకో కిందికో కొలవాలి. ఈ గీత లేని ఇంట్లో ఎలక్ట్రీషియన్ కింద కాంక్రీటు నుంచి కొలుస్తాడు, ప్లంబర్ పైన శ్లాబు నుంచి కొలుస్తాడు. ఎవరి కొలత వాళ్లకు కరెక్టే. చివరికి ఒక గదిలో బోర్డు పైకి, పక్క గదిలో కిందికి వస్తుంది. ప్లాస్టరింగ్‌లో గీత కప్పబడిపోతుంది కాబట్టి ద్వారబంధాల మీద గుర్తు వదిలేయండి. మళ్లీ కొట్టుకోవడం సులువు.

బాత్రూం వాటం, అంటే నీళ్లు జారిపోవడానికి నేలకిచ్చే వాలు కూడా ఈ గీతతోనే తేలుతుంది. మీటరుకు సుమారు 1 సెంటీమీటరు వాటం ఉంటే నీళ్లు నిలవవు. గుమ్మం దగ్గర గీత నుంచి టైల్ వరకు 102 సెంటీమీటర్లు వస్తే, 2 మీటర్ల అవతల నీళ్లు బయటికి పోయే జాలీ దగ్గర 104 రావాలి. టైల్స్ మేస్త్రి పక్కన టేపు పట్టుకుని నిలబడి చూసుకోండి. టైల్ అంటుకున్నాక ఎంత వాదించినా లాభం లేదు.

ఇప్పుడు ఈ లేజర్ దగ్గరికి వద్దాం. గీత చాలా బాగుంది. మన కంటికి ఎరుపు కన్నా ఆకుపచ్చ బాగా ఆనుతుంది కాబట్టి పట్టపగలు గదిలో కూడా స్పష్టంగా కనిపిస్తోంది. బ్యాటరీ ఎక్కువ తాగుతుంది, అది గ్రీన్ లేజర్లన్నిటికీ ఉన్నదే. ఎండలో మాత్రం ఏ గీతా కనపడదు. బయట పనికి రిసీవర్, అంటే కంటికి కనపడని గీతను పసిగట్టి చూపించే చిన్న పరికరం కావాల్సిందే.

కొత్త లేజర్ కదా అని నేరుగా పనిలోకి దించకండి. ముందు ఒక టెస్ట్ చేయండి. ఎదురెదురుగా 5 మీటర్ల దూరంలో రెండు గోడలు ఉండాలి. మొదటి గోడకు ఆనుకునేలా లేజర్ పెట్టి, గీత పడిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. లేజర్‌ని అక్కడే వెనక్కి తిప్పి, ఎదుటి గోడ మీద గుర్తు పెట్టండి. ఇప్పుడు లేజర్‌ని ఎదుటి గోడ దగ్గరికి తీసుకెళ్లి, గీత అక్కడి గుర్తు మీదే పడేలా ఎత్తు సర్దండి. తర్వాత మొదటి గోడ వైపు తిప్పండి. గీత మొదటి గుర్తు మీదే పడాలి. తేడా వస్తే అది అసలు తప్పుకు రెట్టింపు. 10 మీటర్లకు 3 మిల్లీమీటర్ల లోపు తేడా అని రాసిన లేజర్‌కి, ఈ టెస్ట్‌లో 3 మిల్లీమీటర్లు (5 మీటర్లకు ఒకటిన్నర, దానికి రెట్టింపు) దాటకూడదు. నిలువు గీతకైతే తూకం గుండు వేలాడదీసి దారం పక్కన చూసుకుంటే చాలు. లేజర్ కింద పడిన ప్రతిసారీ ఈ టెస్ట్ మళ్లీ చేయాలి.

ఇది ఈ టెస్ట్ పాసైంది. నా బాధంతా లాక్ స్విచ్‌తోనే.

లేజర్ లోపల ఒక లోలకం వేలాడుతూ ఉంటుంది. లేజర్ కాస్త వాలినా, అదే సర్దుకుని గీతను మట్టానికి తెస్తుంది. తీసుకెళ్లేటప్పుడు అది కొట్టుకోకుండా లాక్ చేస్తాం. మెట్ల రైలింగ్ లాంటి ఏటవాలు గీత కావాలన్నా లాక్‌లోనే వేస్తాం. లాక్‌లో ఉన్నప్పుడు గీత మట్టం కాదని మనిషికి తెలియాలి కదా! నేను ముందు వాడిన పాత రెడ్ లేజర్‌లో గీత ఆగి ఆగి మిణుక్కుమనేది. గది అవతలి మూల ఉన్నవాడికి కూడా అర్థమయ్యేది. ఇందులో గీత నిలకడగా వెలుగుతూనే ఉంటుంది. వెనకాల మిరియపు గింజంత ఎర్ర లైటు, అంతే. గీత దగ్గర టేపు పట్టుకున్న మేస్త్రికి ఆ లైటు ఎక్కడ కనిపిస్తుంది? ఎవరో స్విచ్ తాకితే ఒంకర గీతనే మట్టం అనుకుని ఇల్లంతా గుర్తులు పెట్టేస్తారు. మట్టం చూపించడానికే పుట్టిన పనిముట్టు ఈ విషయం దాచకూడదండి.

మేస్త్రులు మట్టం చూడటానికి నీళ్లు నింపి వాడే పారదర్శక గొట్టం, వాటర్ ట్యూబ్, ఎప్పుడూ ఇలా చేయదు. బుడగ లేకుండా నింపి, రెండు కొసలూ తెరిచి పట్టుకుంటే గోడ మలుపు అవతల కూడా నిజమే చెప్తుంది. గదికి గదికి మట్టం మోసుకెళ్లడానికి నేను ఇప్పటికీ అదే వాడతాను.

కాబట్టి నా మాట ఇది. గీత ఎంత బాగున్నా, నలుగురు చేతులు పడే సైట్‌కి దీన్ని కొనొద్దు. ఏ లేజర్ కొన్నా షాపులోనే లాక్ చేసి, చేత్తో వాల్చి చూడండి. గీత మిణుక్కుమంటేనే డబ్బులు కట్టండి. కంపెనీకి కూడా ఇదే రాసి పంపాను. వాళ్లు మార్చి పంపితే ఇదే గదిలో, ఇవే గోడల మీద మళ్లీ టెస్ట్ చేసి చూపిస్తాను. ఉంటానండి.