పత్తికి మద్దతు ధర ఉంది సరే, గేటు లోపలికి రానిచ్చేదెవరు?

(2025 నవంబరులో పత్తి కొనుగోళ్ల గొడవ మీద జరిగిన స్టూడియో చర్చ పాఠం. మాట మీద మాట పడ్డ చోట్లు అలాగే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. పొడుగు పింజ పత్తికి ఈ ఏడాది మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710. బయట వ్యాపారి ఆరేడు వేలకు అడుగుతున్నాడు. మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, కేంద్రానికి పోతే తేమ ఎక్కువుందంటున్నారు. దేశ వ్యవసాయ విధానం మారాలా, రైతు పద్ధతి మారాలా? నలుగురు అతిథులకూ సమానంగా సమయం ఇస్తాం. ముందు రైతు సంఘం నేతతో మొదలుపెడదాం. అన్నా, చెప్పండి.

రైతు సంఘం నేత: రైతు పద్ధతి మారాల్నా అని అడుగుడే తప్పు. దూది దిగుమతి మీద 11 శాతం సుంకం 2021 బడ్జెట్‌ల పెట్టిండ్రు. మొన్న ఆగస్టు 19న తీసేసిండ్రు. ముందు సెప్టెంబరు 30 దాక అన్నరు, తర్వాత డిసెంబరు 31 దాక పొడిగించిండ్రు. మన దగ్గర తొలి ఏరుడు ఎప్పుడు? దసరాకు, దీపావళికి నడుమ. సరిగ్గ మన పత్తి ఇంటికి వచ్చే టైముకు బ్రెజిల్ బేళ్లకు, అమెరికా బేళ్లకు తలుపులు బార్లా తెరిసిండ్రు. ఇగ నూలు మిల్లోడు మన పత్తికెందుకు ఎగబడతడు?

యాంకర్: కానీ సీసీఐ కొంటోంది కదా. 12 శాతం లోపు తేమతో తెమ్మంటున్నారు. రైతు నాలుగు రోజులు ఆరబెట్టి తేవచ్చు కదా?

నేత: ఎక్కడ ఆరబెడతడు? మీ స్టూడియోలనా?

యాంకర్: (నవ్వుతూ) సార్, మీరు వ్యవసాయ ఆర్థికవేత్త. ఈ తేమ లెక్క కాస్త విడమరచండి.

ఆర్థికవేత్త: తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. ఆపైన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు, కోస్తారు. 12 దగ్గర 7,785 రూపాయల 60 పైసలు వస్తుంది. 12 దాటితే అసలు కొనరు. ఇప్పుడు 16 శాతం తేమ ఉన్న క్వింటా పత్తిని 12కు ఆరబెట్టారనుకోండి, నాలుగున్నర కిలోల బరువు తగ్గుతుంది. రైతు దృష్టిలో అది 350 రూపాయల నష్టం. కూలి, పరదాల ఖర్చు వేరే. అదే క్వింటాను బయట 6,500కు అమ్మితే పోయేది అంతకు మూడింతల పైన. కాబట్టి ఆరబెట్టడమే లాభం, ఆరబెట్టే వీలుంటే. వీలు అన్నచోటే అసలు...

యాంకర్: చూశారా, ఆరబెట్టడమే లాభమని సారే అంటున్నారు.

ఆర్థికవేత్త: వీలుంటే అన్నాను.

నేత: ఆ వీలు సంగతి నేను చెప్త. అక్టోబరు ఆఖర్ల మొంథా తుపాను వచ్చింది. వరంగల్ దిక్కు చేన్లు మునిగినయ్. పగిలిన కాయల దూది తడిసి ముద్దయింది. పది క్వింటాళ్ల పత్తి పరిస్తే ఇల్లంత అయితది. మన్నుల పోస్తే చెత్త అంటుకుంటది, సిమెంటు గచ్చు ఎంతమందికుంది? రాత్రి మంచు పడితే పొద్దటికి మళ్లా తేమ ఎక్కుతది. వడ్లు రోడ్డు మీద పోసినట్టు పత్తి పోస్తమంటే గాలికి లేచిపోతది!

యాంకర్: జిన్నింగ్ మిల్లుల ప్రతినిధి ఉన్నారు. సార్, తేమ నిబంధన మరీ కఠినమా?

మిల్లుల ప్రతినిధి: నిబంధన యంత్రం కోసం అండి. గింజను, దూదిని వేరు చేసే రోలర్ జిన్నులో పత్తి 8 శాతం దగ్గర బాగా ఆడుతుంది. 12 దాటితే దూది ముడులు పడుతుంది, రోలర్‌కు చుట్టుకుంటుంది, గింజ నలిగి దూదిలో పడుతుంది. తడి దూదిని 170 కిలోల బేలుగా నొక్కితే లోపల వేడెక్కి పసుపు తిరుగుతుంది. ఐదు క్వింటాళ్ల పత్తికి ఒక బేలు వస్తుంది. రంగు మారితే ఆ బేలును సీసీఐ మా నుంచి...

నేత: తేమ కొలిచే మీటర్ సంగతి చెప్పుండ్రి. మీటర్!

మిల్లుల ప్రతినిధి: మీటర్ మాది కాదండి, కొనేవాళ్లది.

నేత: ఒకటే ట్రాక్టర్ల మూడు చోట్ల సూది గుచ్చితే మూడు తీర్ల చూపిస్తది. పైన 10, నడుమ 13, అడుగున 15. ఏది రాసుకుంటరు?

ఆర్థికవేత్త: అది నిజమే. రాత్రంతా ట్రాలీలో తొక్కి నింపిన పత్తి లోపల చెమ్మబడుతుంది. చేత్తో గట్టిగా నొక్కి గుచ్చితే ఒక అంకె, వదులుగా పట్టుకుని గుచ్చితే ఇంకో అంకె. పై, మధ్య, అడుగు భాగాల నుంచి నమూనా తీసి, కలిపి, సగటు రాసి, రైతు చేతికి ఆ చీటీ ఇవ్వాలి. ఈ మాత్రానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఇక పత్తి ఏరిన రోజే నేరుగా తేకుండా...

యాంకర్: అంటే మళ్లీ ఆరబెట్టే దగ్గరికే వచ్చాం.

కౌలు రైతుల ప్రతినిధి: నేనొక మాట చెప్పొచ్చాండీ? ఇందాకటి నుంచి రైతు, రైతు అంటున్నారు. పల్నాడు వైపు నల్లరేగడిలో పత్తి వేసేవాళ్లలో ఎందరో సొంత భూమి లేనివాళ్లు. ఎకరానికి పదిహేను, ఇరవై వేలు కౌలు ముందే కడతారు. సీసీఐకి అమ్మడానికి స్లాట్ తీసుకునే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదుకు ఆధార్ కావాలి, భూమి కాగితం కావాలి, పంట నమోదు కావాలి. ఆ భూమి కాగితం యజమాని పేరున ఉంటుంది. ఆయన ఇస్తేనే స్లాట్. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు ఉంది, పదకొండు నెలలు చెల్లుతుంది. అయితే దానికీ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని...

నేత: అమ్మా, సుంకం ఎత్తేస్తే కౌలోడికి, పట్టాదారుకు ఇద్దరికీ దెబ్బే గద!

కౌలు రైతుల ప్రతినిధి: దెబ్బ ఇద్దరికీ తగులుతుందండి. మద్దతు ధర మాత్రం ఒకరికే అందుతుంది. నేను చెప్పేది అది.

యాంకర్: మంచి పాయింట్, మళ్లీ వద్దాం. అన్నా, సుంకం గురించి పూర్తి చేయండి.

నేత: తెలంగాణల 2018 నుంచి పెట్టుబడి సాయం ఇస్తున్నరు. ఇప్పుడు ఎకరానికి ఏటా 12 వేలు. కేంద్రం కుటుంబానికి ఏటా 6 వేలు. అన్నీ ఇస్తరు, ధర మాత్రం ఇయ్యరు. స్వామినాథన్ కమిషన్ ఏం చెప్పింది? ఖర్చు మీద యాభై శాతం. ఏ ఖర్చు? మేమడిగేది భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ అన్నీ కలిపిన సీ-2 ఖర్చు. వీళ్లు కట్టేది ఏ-2, అంటే చేతిల నుంచి పెట్టిన ఖర్చు, ప్లస్ ఇంటోళ్ల కష్టం. పత్తికి 5,140 ఖర్చు అన్నరు, దానికి సగం కలిపి 7,710 అన్నరు. కౌలు కలిపిండ్రా?

ఆర్థికవేత్త: సొంత భూమికి కౌలు కలపరు, నిజం. 2023-24లో వరికి ఇచ్చింది 2,183. సీ-2 మీద లెక్కేస్తే 2,866 రావాలి. తేడా చిన్నది కాదు. అయితే ఒకటి గమనించాలి. ధాన్యం సేకరణ మీద కేంద్రం వేసిన శాంతకుమార్ కమిటీ 2015 నివేదిక ప్రకారం ప్రభుత్వ సంస్థలకు మద్దతు ధరకు అమ్మగలుగుతున్నది 6 శాతం రైతులే. అంకె పెంచినా గేటు ఇంత ఇరుకుగా ఉంటే...

నేత: ఆరు శాతం అని చెప్పి గది సుత ఎత్తేద్దామనే గద ఆ కమిటీ!

ఆర్థికవేత్త: నేను ఎత్తేయమనడం లేదు. గేటు వెడల్పు చేయమంటున్నా.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు)

యాంకర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. ఎకరానికి 7 క్వింటాళ్లే కొంటామని సీసీఐ పెట్టిన పరిమితి సంగతేంటి?

మిల్లుల ప్రతినిధి: ఇదివరకు 12 ఉండేది. మాకు ఇంకో సమస్య, మిల్లులను ఎల్-1, ఎల్-2 అని వరుస తరగతులుగా విడగొట్టి ముందు ఎల్-1లోనే కొనడం. ఒక మిల్లు ముందు కిలోమీటరు బారు, పక్క మిల్లు ఖాళీ. అందుకే ఈ నెలలో గేట్లు మూసి నిరసన తెలిపాం.

నేత: మీరు గేట్లు మూస్తే ట్రాక్టర్ కిరాయి ఎవరు కట్టాలె?

మిల్లుల ప్రతినిధి: మా మాట వినండి, మేము కూడా...

నేత: నల్లరేగడి మీద వానలు మంచిగ పడితే పది వస్తది. చెల్కల నాలుగు రాదు. సగటు తీసి ఏడు అన్నరు. పది పండినోడి మిగిలిన మూడు క్వింటాళ్లు ఎవడు కొనాలె? దళారి కొంటడు. కొని, నాలుగు పండినోడి పేరు మీద అదే సీసీఐకి అమ్ముతడు! దళారిని ఆపుతమని పెట్టిన లెక్క దళారికే పనికొస్తది.

ఆర్థికవేత్త: ఇందులో ఆయనతో ఏకీభవిస్తా. మండలాల వారీగా పంటకోత ప్రయోగాల దిగుబడితో పరిమితి పెట్టుకోవచ్చు. సుంకం విషయంలో కూడా తేదీలు చూసి కాకుండా, మార్కెట్ ధర మద్దతు ధర కిందికి పడగానే సుంకం దానంతటదే తిరిగి వచ్చే ఏర్పాటు ఉండాలి. నూలు మిల్లులకు, బట్ట కొనేవాళ్లకు దూది చవగ్గా దొరకాలన్నదీ న్యాయమే, కానీ ఆ భారం...

యాంకర్: రైతు ఖాతాలో తేడా డబ్బు వేసేస్తే పోదా సార్?

ఆర్థికవేత్త: 2017లో మధ్యప్రదేశ్ భావాంతర్ అని అదే చేసింది. తేడా ప్రభుత్వం ఇస్తుందని తెలిసి వ్యాపారులు ధర ఇంకా దించారు. ప్రభుత్వం కొంత సరుకైనా కొంటూ పోటీ నిలబెట్టకపోతే అది పనిచేయదు.

నేత: విత్తనం సంగతి సుత మాట్లాడాలె. 475 గ్రాముల బీటీ ప్యాకెట్ 901 రూపాయలు. పురుగును తట్టుకునే బీటీ రకం బోల్‌గార్డ్-2 2006ల వచ్చింది, ఇప్పటిదాక కొత్తది లేదు. గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడ్డది. హెక్టారుకు మనకు 450 కిలోల దూది సుత వస్తలేదు, బ్రెజిల్‌కు దానికి నాలుగింతలు. వాన మీదనే ఆధారపడ్డ పత్తి రైతును ఆ బ్రెజిల్ రైతుతోటి పోటీకి దింపిండ్రు, సుంకం లేకుంట!

యాంకర్: మళ్లీ సుంకానికే వచ్చారు.

నేత: రాకుంటె ఎట్ల? మూలం అదే.

కౌలు రైతుల ప్రతినిధి: ఆ ప్యాకెట్ల విత్తనం, ఎరువు అప్పు మీద ఇచ్చేది ఎరువుల కొట్టు ఆయనేనండి. కార్డు లేదు కాబట్టి బ్యాంకు ఇవ్వదు. పత్తి చేతికి రాగానే ఆయన కాంటాకే పోవాలి, ధర ఆయన చెప్పిందే. ఆరబెట్టే సమయం కూడా ఉండదు, వడ్డీ నడుస్తుంటుంది. యజమాని పేరున సీసీఐకి అమ్మినా డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది. పంట నమోదు రోజునే, గ్రామసభ ముందు, యజమాని సంతకంతో పని లేకుండా సాగు చేసేవారి పేరు రాస్తే...

యాంకర్: అంటే ఆరబెట్టే అవగాహన కూడా కల్పించాలంటారు.

కౌలు రైతుల ప్రతినిధి: కాదండి, నేను అన్నది...

నేత: పట్టాదారు సంతకం లేకుంట పేరు రాస్తే ఊళ్లె కొట్లాటలైతయ్. అది తర్వాత మాట్లాడుదం. ముందు డిసెంబరు 31 తర్వాత సుంకం పెడతరా లేదా, గది చెప్పుమనుండ్రి!

ఆర్థికవేత్త: తర్వాత అంటే ఎప్పుడు? 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలు రైతుల చట్టం చేసినప్పుడు కూడా ఇదే...

యాంకర్: సార్, సమయం అయిపోయింది. అన్నా, ముప్పై సెకన్లు, మీ చివరి మాట.

నేత: 11 శాతం సుంకం తిరిగి పెట్టాలె. ఏడు క్వింటాళ్ల షరతు తీసెయ్యాలె. వాన పడ్డ జిల్లాలల్ల తేమ 20 శాతం దాక కొనాలె.

మిల్లుల ప్రతినిధి: ఇరవైకి రోలర్లే తిరగవండి!

నేత: తిరగకుంటె ఆరబెట్టే యంత్రాలు మిల్లులల్ల పెట్టుమను, సబ్సిడీ కేంద్రం ఇస్తది.

యాంకర్: ఇదీ నేటి చర్చ సారాంశం: దిగుమతి సుంకం తిరిగి రావాలి, రైతు కూడా ఆరబెట్టి తేవాలి. కౌలు రైతుల అంశం మీద మరోసారి ప్రత్యేకంగా...

కౌలు రైతుల ప్రతినిధి: ఎప్పుడండీ?

యాంకర్: విరామం తర్వాత జిల్లా వార్తలు.