ముగ్గురని ఎక్కడుంది?

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, పిల్లలకు ప్రభువు నామంలో వందనాలు. నాకు పది నిమిషాలే ఇచ్చారు, కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఇందాక క్రిస్మస్ నాటకంలో ముగ్గురు పిల్లలు కిరీటాలు పెట్టుకొని వచ్చి గాస్పర్, మెల్కియోర్, బల్తసార్ అని పేర్లు చెప్పారు. ముద్దుగా చేశారు. ఆ పేర్లు ఎక్కడివి? బైబిల్లో మత్తయి సువార్త 2వ అధ్యాయం తీయండి. బాల యేసును చూడడానికి తూర్పుదేశపు జ్ఞానులు కానుకలతో వచ్చారని ఉంది. ఎందరో లేదు, పేర్లు లేవు, రాజులని లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులు ముగ్గురయ్యారు. సిరియా సంఘాల్లో పన్నెండు మంది అని చెప్పుకున్నారు. రాజులు పాత నిబంధనలోని 72వ కీర్తన నుంచి, ఒంటెలు యెషయా గ్రంథం 60వ అధ్యాయం నుంచి వచ్చి ఈ కథలో చేరాయి.

నాకు పదకొండేళ్లప్పుడు ఒక సండే స్కూల్ క్విజ్‌లో "జ్ఞానులు ఎందరు?" అని అడిగారు. "బైబిల్లో లేదండి" అన్నాను. తప్పు అన్నారు. మా నాన్న చెప్పారండీ అంటే, "మీ నాన్నకేం తెలుసు" అన్నారు అందరి ముందూ. మా నాన్న కూలిపని చేసి వచ్చి, లాంతరు ముందు కూర్చొని ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివేవాడు. ఆ రాత్రి నేను ఏడుస్తుంటే మళ్లీ అదే అధ్యాయం తీసి, "చూడమ్మా, ఎక్కడుందో నువ్వే చూపించు" అన్నాడు. లేదు. ఇప్పటికీ లేదు!

పేర్ల మాట మధ్యలో వదిలేశాను. 5, 6 శతాబ్దాల నాటి ఒక గ్రీకు చరిత్రకు తర్వాత వచ్చిన లాటిన్ అనువాదంలో బిథిసరేయ, మెలికియోర్, గతస్ప అని కనిపిస్తాయి. ఆ గతస్పే గాస్పర్ అయ్యాడు. అది గొండొఫారెస్ నుంచి వచ్చిందని కొందరు పండితులు అంటారు. ఆయన మొదటి శతాబ్దంలో తక్షశిల వైపు ఏలిన రాజు, నాణేలు దొరికాయి. 'తోమా కార్యాలు' అనే పాత గ్రంథంలో యేసు శిష్యుడు తోమా చేత రాజభవనం కట్టించుకోవాలనుకున్నది ఆయనే. ఈ కథలు నాకూ ఇష్టమే. పిల్లలకు చెప్పండి, తప్పకుండా చెప్పండి. ఇది వాక్యం, ఇది తర్వాత జనం చెప్పుకున్నది అని విడదీసి చెప్పండి.

టీచర్లూ, సాయంత్రం పెట్టబోయే క్విజ్ పేపరు చూశాను. నాలుగో ప్రశ్న అదే. దయచేసి జవాబుల్లో 'చెప్పలేదు' అని ఒకటి చేర్చండి. పెన్ను నా దగ్గరుంది.