మెట్టుకో బొట్టు

శ్రోతలకు నమస్కారం.

అలిపిరి నుంచి తిరుమల కొండ మీదికి బస్సులో గంట కూడా పట్టదు. నడకదారినైతే దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు మూడు నాలుగు గంటల్లో ఎక్కేస్తారు. మా అమ్మకీ నాకూ తొమ్మిది గంటలు పట్టింది.

అమ్మకి మొక్కుంది. మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెడతానని ఎప్పుడో మొక్కుకుంది. నా లెక్క వేరు: పొద్దున్నే కొండెక్కడం, దర్శనం, రాత్రి రైలు, సోమవారం ఆఫీసు. "బస్సులో పోదామే అమ్మా" అన్నాను. "బస్సులో పోతే మెట్లకి బొట్టు ఎవరు పెడతారే?" అంది. ఇంక మాట్లాడేదేముంది!

అలిపిరిలో సామాను అప్పజెబితే దేవస్థానం వాళ్లు ఉచితంగా పైకి చేరుస్తారు. ఒక్క రాత్రికి నేను తెచ్చుకున్నవి మూడు జతల బట్టలు, లాప్‌టాప్, రెండు చార్జర్లు. అమ్మది చేతిసంచి, అందులో ఒక చీర, పులిహోర పొట్లం. ఫోను కూడా బ్యాగులోనే పడేశాను. భక్తితో కాదు లెండి. ఒక చేతిలో పసుపు గిన్నె, ఇంకో చేతిలో కుంకుమ పొట్లం పెట్టింది అమ్మ. ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు!

తలయేరు గుండు దగ్గర అమ్మ మోకాళ్లు ఆ బండకి ఆనించి దణ్ణం పెట్టుకుంది. నొప్పులు రావని నమ్మకం. అక్కణ్ణించి వంగడం, పసుపు, బొట్టు, లేవడం. మొదటి రెండొందల మెట్లూ నాకు విసుగే. కుర్రాళ్లు "గోవిందా" అంటూ మమ్మల్ని దాటిపోతున్నారు. ఎన్నో మెట్టో లెక్కపెట్టుకుంటూ చూపుడువేలు మాటిమాటికీ గాల్లో ఆడిస్తున్నాను, ఫోను తెర జరుపుతున్నట్టు. అమ్మ చూసి, "వేలికేమైందే?" అంది.

గాలిగోపురం చేరేసరికి లెక్క తప్పాను. మళ్లీ మొదలుపెట్టాలనిపించలేదు.

అక్కడ నీడన కూర్చుని పులిహోర తిన్నాం. తనకి ఐదేళ్లప్పుడు తాతయ్య భుజాన ఎక్కించుకుని ఈ దారినే తీసుకొచ్చాడని అమ్మ చెప్పింది. 1944లోనే మొదటి ఘాట్ రోడ్డు పడింది. అంతకుముందైతే నడకో, డోలీయో. రోడ్డు పడ్డాక కూడా తాతయ్య నడిచే వచ్చేవాడట. "బస్సుకి డబ్బుల్లేకా?" అన్నాను. "కాదే, మాతో మాట్లాడ్డానికి. ఊళ్లో ఎప్పుడూ పొలంలోనే ఉండేవాడు కదా" అంది.

విజయవాడ గుణదలలో మేరీమాత కొండెక్కే తల్లీకూతుళ్లకీ ఇలాంటి సంగతులు తెలిసే ఉంటాయి. దేవుడెవరైనా, పక్కన ఆయాసపడుతూ నడిచేది మనింటి మనిషే కదా.

జింకల పార్కు దాటాక అమ్మ ఉన్నట్టుండి పిన్ని మాట ఎత్తింది. అక్కాచెల్లెళ్లకి పదకొండేళ్లుగా మాటల్లేవు. పొలం గొడవని నేననుకుంటూ వచ్చాను. పొలం కాదట. నాన్న ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజుల్లో పిన్ని ఒక్కసారి కూడా వచ్చి చూడలేదట. అదీ అమ్మ బాధ. ఇన్నేళ్లలో నేనడగలేదు. రోజూ ఫోన్ చేస్తాను, "తిన్నావా, మాత్ర వేసుకున్నావా" అని రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో పదకొండేళ్ల మాట ఎక్కడ పడుతుంది?

మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి. కొండంతా సాలగ్రామమే, పాదం మోపకూడదని రామానుజులవారు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకునే చోటు అది. చిన్న పిల్లాడిగా వచ్చిన అన్నమయ్య అలిసిపోయి, చెప్పులతోనే నిద్రపోయాడని చెప్పేదీ అక్కడే. ఆ మెట్ల మీద అమ్మ నడుం పట్టేసింది. గిన్నె నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు పెట్టు" అంది. మిగిలిన మెట్లకి నేనే బొట్టు పెట్టాను. వంగితే తప్ప తెలియలేదు, ఒక్కో మెట్టు మీదా ఎంతమంది పెట్టిన పసుపు పేరుకుపోయి ఉందో.

పైన సామాను తీసుకున్నాం. ఫోన్లో పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అమ్మ మెట్ల చివర కూర్చుని పసుపు చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ, "పిన్ని నంబరు ఉందా నీ దగ్గర?" అంది.

"ఉంది. కలపనా?"

కాసేపు ఏమీ అనలేదు. "ఉండనీ. ముందు కాసిని మంచినీళ్లు తీసుకురా" అంది.