ఒకటిన్నర రోజు నడక

శ్రోతలకు నమస్కారం.

ఒక మనిషి ఒకటిన్నర రోజులో ఎంత దూరం నడవగలడు? 1737లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక జాతి నేల ఈ లెక్క మీదే పోయింది.

డెలావేర్ నది పక్కన బతికే లెనాపే జనాన్ని ఇంగ్లీషువాళ్లు డెలావేర్లు అనేవారు. మీ పెద్దలు ఒకటిన్నర రోజు నడిచినంత నేల మాకు రాసిచ్చారంటూ పెన్సిల్వేనియాను ఏలే పెన్ కుటుంబం ఓ పాత కాగితం బయటికి తీసింది. మామూలు నడకేగా, మధ్యమధ్య కూర్చుని పొగ తాగుతారు, ఓ ఉడతను కొడతారు అనుకున్నారు లెనాపేలు. అవతలివాళ్లు ముందే అడవిలో బాట కొట్టించి, ముగ్గురు గట్టి పిండాల్ని దింపారు. చివరిదాకా నిలిచినవాడు ఎడ్వర్డ్ మార్షల్ ఒక్కడే. అతని కాళ్ల కింద సుమారు 12 లక్షల ఎకరాలు పోయాయి.

లెనాపేల్లో చాలామంది పడమటికి, ఒహైయో లోయకు తరలిపోయారు. 1755లో బ్రిటిష్ జనరల్ బ్రాడక్ ఫ్రెంచివాళ్ల మీద యుద్ధానికి అటే బయల్దేరాడు. డెలావేర్ నాయకుడు షింగాస్ అతన్ని ఒకటే అడిగాడట: గెలిచాక ఈ నేల ఎవరిది? ఇంగ్లీషువాళ్లదే, మీకు వాటా లేదన్నాడట బ్రాడక్. తర్వాత షింగాసే తమకు చిక్కిన ఒక బందీకి చెప్పిన సంగతి ఇది. నేల లేనప్పుడు దానికోసం మేమెందుకు చావాలని డెలావేర్లు పక్కకు తప్పుకున్నారు. జులై 9న బ్రాడక్ సైన్యం చిత్తయింది.

అక్టోబర్ 16న పెన్సిల్వేనియా సరిహద్దులో తెల్లవాళ్లు ఉండే పెన్స్ క్రీక్ ఊరి మీద డెలావేర్లు పడ్డారు. 14 మంది చనిపోయారు, 11 మందిని పట్టుకుపోయారు. ఆ ఊరి పేద రైతులకూ పెన్ కుటుంబం పాత కాగితానికీ ఏ సంబంధమూ లేదు, ఆ మాటా చెప్పుకోవాలి. ఆ తర్వాత షింగాస్, మరో డెలావేర్ నాయకుడు కెప్టెన్ జేకబ్స్ పేర్లు వింటేనే సరిహద్దు ఊళ్లు ఖాళీ అయ్యేవి. పెన్సిల్వేనియా ప్రభుత్వం తక్కువేం తినలేదు. 1756లో 12 ఏళ్లు దాటిన డెలావేర్ మగవాడి నెత్తి తోలు తెస్తే 130 డాలర్లు, ఆడవాళ్లదైతే 50 అని చాటించింది. సెప్టెంబర్‌లో పెన్సిల్వేనియా సేనాని ఆర్మ్‌స్ట్రాంగ్ సుమారు 300 మందితో వెళ్లి డెలావేర్ల కిటానింగ్ ఊరిని తగలబెట్టాడు. జేకబ్స్ లొంగలేదు, అక్కడే పోయాడు.

దాడులు ఆగలేదు. 1757లో ఓ రోజు ఎడ్వర్డ్ మార్షల్ ఇంటికే వచ్చారు. అతని భార్యను చంపేశారు.