ఇనుమున్నంత మాత్రాన అంటుకోదు

శ్రోతలకు నమస్కారం.

భీమిలి తీరంలో నల్ల ఇసుక చూసే ఉంటారు. ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి, బాగా ఎండిన ఆ ఇసుకలో తిప్పండి. కవరు లేకపోతే రేణువులు అయస్కాంతాన్ని పట్టుకుని ఒక పట్టాన వదలవు. తడి ఇసుకైతే సంబంధం లేని రేణువులూ అంటుకొస్తాయి. గభాలున ఎగిరి పట్టుకునేవి మాగ్నటైట్ రేణువులు. మన పెద్దలు సూదంటురాయి అన్నది ఈ ఖనిజాన్నే. దాని పక్కనే ఉండే ఇల్మనైట్‌లోనూ, ఎర్రటి గార్నెట్‌లోనూ ఇనుము ఉంది. మామూలు అయస్కాంతానికి అవి కదలవు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి మన విశాఖ రేవుకు వచ్చే హెమటైట్ అనే ఇనుప ఖనిజంలో ఇనుము 60 శాతం పైమాటే. అదీ అంతే.

ప్రతి ఎలక్ట్రానూ స్పిన్ అనే తన సహజ గుణం వల్ల ఒక బుల్లి అయస్కాంతం. చాలా పరమాణువుల్లో ఇవి జంటలు కట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇనుము, కోబాల్ట్, నికెల్‌లలో జంట లేనివి మిగులుతాయి. అయినా అది చాలదు. ఇరుగుపొరుగు పరమాణువుల స్పిన్‌లన్నీ ఒకే దిక్కుకు నిలబడాలి. వాటిని అలా నిలిపేది వాటి అయస్కాంత బలమే అనుకుంటాం. ఆ బలం ఎంత స్వల్పమంటే, గది వేడికే వరస చెదిరిపోతుంది. అసలు పట్టు విద్యుత్ వికర్షణది. ఒకే దిక్కు స్పిన్ ఉన్న రెండు ఎలక్ట్రాన్లు ఒకేచోట ఉండలేవు, ఎడంగా మసలుతాయి. ఎడం పెరిగితే వికర్షణ తగ్గుతుంది, శక్తి ఆదా అవుతుంది. 1928లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ ఇచ్చిన వివరణ ఇది. హెమటైట్‌లో పొరుగు స్పిన్‌లు ఎదురెదురుగా నిలిచి దాదాపు సున్నా అవుతాయి. మాగ్నటైట్‌లోనూ ఎదురెదురే, కాని రెండు పక్షాలూ సమానం కావు కనుక కొంత మిగులుతుంది.

మరి కొత్త మేకు ఇంకో మేకును ఎందుకు లాగదు? ఇనుము లోపల డొమైన్లనే పేటలుంటాయని 1907లో భౌతిక శాస్త్రవేత్త పియర్ వైస్ ప్రతిపాదించాడు. ఒక్కో పేటది ఒక్కో దిక్కు. మొత్తం మీద సున్నా. అయస్కాంతం దగ్గరికి తెస్తే, దానికి అనుకూలమైన పేటల హద్దులు జరిగి అవి పెద్దవవుతాయి. మెత్తని ఇనుములో ఆ హద్దులు తేలిగ్గా జరిగి, తేలిగ్గానే వెనక్కి పోతాయి. గట్టి ఉక్కులో కార్బన్, స్ఫటిక లోపాలు వాటిని ఎక్కడికక్కడ పట్టి ఆపుతాయి.

కుట్టు సూది గట్టి ఉక్కు కాబట్టి, అది అయస్కాంతంగా నిలిచిపోవడం ఇంట్లోనే చూడొచ్చు. అయస్కాంతం ఒకే ధ్రువంతో, బెజ్జం నుంచి మొన దాకా, ఒకే వైపు 40 సార్లు రాయండి. మొన దాటాక చేతిని బాగా పైకెత్తి తిప్పి తేవాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే చేసినదంతా చెరిగిపోతుంది. ఉత్తర ధ్రువంతో రాస్తే మొన దక్షిణ ధ్రువమవుతుంది. చిన్న ఆకు ముక్క మీద పెట్టి నీళ్లలో తేల్చండి, మొన దక్షిణం వైపు తిరుగుతుంది. పాత్ర మాత్రం గాజుదో మట్టిదో అయి ఉండాలి.

ఇప్పుడు ఆ సూదిని పటకారుతో పట్టుకుని, మంట మీద కణకణలాడేదాకా కాల్చండి. 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి కదలికలు స్పిన్‌ల పొందికను పూర్తిగా చెదరగొడతాయి. దీన్నే క్యూరీ ఉష్ణోగ్రత అంటాం. చల్లార్చేటప్పుడు సూదిని తూర్పు పడమరలుగా ఉంచాలి. ఉత్తర దక్షిణాలుగా ఉంచితే భూమి అయస్కాంత క్షేత్రమే దానికి మళ్లీ కొంత దిక్కు నేర్పుతుంది. ఉక్కు కర్మాగారంలో 1,000 డిగ్రీలు దాటిన దిమ్మెను ఎంత పెద్ద విద్యుదయస్కాంతంతోనూ ఎత్తలేకపోవడానికి కారణం ఈ క్యూరీ ఉష్ణోగ్రతే.

వంటింట్లో మరో తేడా కనిపిస్తుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిపిన స్టీలులో పరమాణువుల అమరికే మారిపోతుంది, అయస్కాంతం అంటదు. నికెల్ లేని స్టీలుకు గట్టిగా అంటుతుంది. ఇండక్షన్ పొయ్యికి అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనికొస్తాయి కాబట్టి, గిన్నె కొనేటప్పుడు అయస్కాంతాన్ని అడుగుకే ఆనించి చూడండి. అంచుకు ఆనిస్తే మోసపోవచ్చు. మొదటి రకం స్టీలులో కూడా వంచిన చోట, సాగదీసిన చోట అమరిక కొంత మారి, అంచు మాత్రం అయస్కాంతాన్ని కాస్త లాగుతుంది.